ఐదో సీటు: ఒక కొత్త ఆటగాడు, మూడు ఫ్లోర్ పిలుపులు

పోకర్ గదిలో పనిచేసేవాళ్లకు ఆటగాళ్ల పేర్లు గుర్తుండవు, సీటు నంబర్లే గుర్తుంటాయి. డీలరుకు ఎడమ పక్కన ఒకటో సీటు, అక్కడి నుంచి చుట్టూ తిరిగి వస్తే కుడి పక్కన తొమ్మిదో సీటు. ఈ కేసులోని మనిషి డీలరుకు సరిగ్గా ఎదురుగా, ఐదో సీటులో కూర్చున్నారు. ఇక్కడ కూడా ఆయనను అలాగే పిలుస్తాను. ఊరు, పేరు, తేదీ రాయడం లేదు. మిగతాదంతా ఆయన ఒప్పుకున్న మీదటే రాస్తున్నాను.

నా సంగతి: గోవాలో, పణజి దగ్గర మాండవి నదిలో నిలిచి ఉండే కేసినో పడవల్లో తొమ్మిదేళ్లు పనిచేశాను. మొదట డీలరుగా ముక్కలు పంచాను, తరువాత ఫ్లోర్‌గా తగవులు తీర్చాను. ఫ్లోర్ అంటే బల్ల దగ్గర తేడా వచ్చినప్పుడు తీర్పు చెప్పే మనిషి. డీలరు చెయ్యి ఎత్తి పిలుస్తారు, మేము వెళ్లి రెండు వైపులా విని ఒక మాట చెబుతాం, ఇద్దరిలో ఒకరికి కోపం వస్తుంది. ఇప్పుడు ఆ ఉద్యోగం మానేసి కొత్తవారికి బల్ల మర్యాద నేర్పుతున్నాను.

ఐదో సీటు ఆయనకు అప్పటికి ముప్పై నాలుగేళ్లు, మిర్చి వ్యాపారం. సంక్రాంతికి ఇంట్లో దుప్పటి పరిచి పేక కలిపే కుటుంబం. రమ్మీలో చేయి తిరిగినవారు. పోకర్ రెండేళ్లపాటు ఫోనులో ఆడారు. లెక్క వచ్చు, ఏ చేతిని, అంటే వచ్చిన ముక్కలను, ఎక్కడ వదిలెయ్యాలో తెలుసు. ఆట పరంగా చూస్తే ఆ బల్ల మీద ఆయనకంటే తక్కువ తెలిసినవాళ్లు కనీసం నలుగురున్నారు. కానీ మొదటి నాలుగు గంటల్లో ఆయన మూలంగా నన్ను మూడుసార్లు పిలిచారు.

మొదటి పిలుపు: నోటిమాట నమ్మినందుకు

ఒక్కొక్కరికి 25,000 చిప్పులతో (పందెం బిళ్లలతో) మొదలైన టోర్నమెంటు. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు వంతుల వారీగా వెయ్యాల్సిన పందేలు, 100–200 ఉన్నప్పుడు మొదటి పిలుపు వచ్చింది. నేను వెళ్లేసరికి ఐదో సీటు ఆయన లేచి నిలబడి ఉన్నారు. మూడో సీటులో కళ్లజోడు పెట్టుకున్న పెద్దాయన తల దించుకుని ఉన్నారు.

బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు: రాణి, ఏడు, మూడు, తొమ్మిది, జాకీ. ఐదో సీటు చేతిలో రెండు ఏడులు, అంటే మూడు ఏడుల సెట్టు. రివర్ (చివరిదైన ఐదో ముక్క) మీద పందేలు అయ్యాక పెద్దాయన "స్ట్రైట్" అన్నారు. స్ట్రైట్ అంటే వరుసగా ఐదు ముక్కలు, మూడు ఏడుల కంటే పెద్ద చెయ్యి. ఆ మాట వినగానే ఐదో సీటు తన రెండు ముక్కలనూ బోర్లా డీలరు వైపు విసిరేశారు. అవి వదిలేసిన ముక్కల కుప్పలో కలిసిపోయాయి. అప్పుడు పెద్దాయన తన ముక్కలు తిప్పారు: రాణి, పది. బల్ల మీద ఉన్న ఏడును ఆయన ఎనిమిదిగా చూసుకున్నారు. ఆయన దగ్గర ఉన్నది స్ట్రైట్ కాదు, ఒక రాణుల జత.

"ఆయన స్ట్రైట్ అన్నారు కదండీ! అన్నాక అది లెక్క కాదా?"

లెక్క కాదు. పోకర్‌లో చేతి గురించి నోటితో చెప్పిన దానికి విలువ లేదు, బల్ల మీద తిరగబడిన ముక్కలే మాట్లాడతాయి. కుప్పలో కలిసిన చెయ్యి చచ్చిన చెయ్యి. మిగిలిన ఒక్క చెయ్యి పెద్దాయనది కాబట్టి దాదాపు తొమ్మిది వేల చిప్పులు ఆయనకే వెళ్లాయి. కావాలని తప్పు చెప్పి ఎదుటివాడి చేత ముక్కలు పారేయించాడని నాకు అనిపించి ఉంటే పెద్దాయనకు శిక్ష వేసేవాణ్ని. కానీ కళ్లజోడు పైకి నెట్టుకుని ఆ ఏడునే మళ్లీ మళ్లీ చూస్తున్న మనిషిని చూశాక అలా అనిపించలేదు.

ఐదో సీటు ఆయన ఆ మాట ఎందుకు నమ్మారో నాకు తరువాత అర్థమైంది. రమ్మీలో షో అన్నాక అది తప్పని తేలితే 80 పాయింట్లు నెత్తిన పడతాయి. అందుకే రమ్మీ బల్ల మీద ఎవరూ ఊరికే షో అనరు, అన్నవాడి మాటను అందరూ నమ్ముతారు. ఆ నమ్మకం మనకు చిన్నప్పటి నుంచీ ఉంది. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పిన కేసు కూడా సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిందే. అలాంటి చోట నుంచి వచ్చిన మనిషికి, ఇక్కడ మాటకు శిక్షా లేదు, విలువా లేదు అని ఎవరు చెబుతారు? ఎవరూ చెప్పలేదు. తొమ్మిది వేల చిప్పులు పోయాక నేను చెప్పాను.

రెండో పిలుపు: ఒకే ఒక్క చిప్పు

గంటన్నర తరువాత. బ్లైండ్లు 200–400. ముందున్న ఆటగాడు 1,000కి రైజ్ చేశాడు, అంటే పందెం పెంచాడు. ఐదో సీటుకు రెండు ఆసులు వచ్చాయి. ఆయన మాట్లాడకుండా ఒక 5,000 చిప్పు ముందుకు తోశారు. చిప్పు బల్ల మీద ఆగాక, తీరిగ్గా, "రైజ్" అన్నారు.

డీలరు అది కాల్, అంటే ముందున్న పందేనికి సమానంగా కట్టడమే, అని చెప్పి 4,000 తిరిగి ఇవ్వబోయింది. ఆయన తీసుకోలేదు. నన్ను పిలిచారు.

ముందు ఒక పందెం ఉన్నప్పుడు ఏమీ చెప్పకుండా ఒక్క పెద్ద చిప్పు వేస్తే అది కాల్ మాత్రమే. ప్రపంచంలోని చాలా టోర్నమెంట్లు పాటించే నిబంధన ఇది. టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ అని 2001లో మొదలైన సంఘం ఒకటుంది. ఒక్కో కేసినోలో ఒక్కో తీర్పు వస్తుంటే విసిగిపోయి, కొందరు నిర్వాహకులు కూర్చుని నియమాలన్నీ ఒకచోట రాసుకున్నారు. ఆ పుస్తకంలో నిబంధనకు కారణం రాయరు కానీ, డీలరుగా కూర్చున్నవారికి కారణం తెలుసు. టక్కరి మనిషి చిప్పు వేసి ఒక్క క్షణం ఆగుతాడు. ఎదుటివారి ముఖాలు చూస్తాడు. భయం కనిపిస్తే రైజ్ అంటాడు, కనిపించకపోతే కాల్ అంటాడు. మిర్చి వ్యాపారి తీరిక, టక్కరివాడి తీరిక బయటికి ఒకేలా కనిపిస్తాయి. మనసులో ఏముందో బల్లకు తెలియదు. చెయ్యి చేసిన పని, నోరు చెప్పిన మాట, వాటిలో ఏది ముందు జరిగింది అన్నది మాత్రమే తెలుస్తుంది.

కొత్తవారి మర్యాద గురించి నేను చెప్పేదంతా ఇంచుమించు ఇదే. కొత్తవాడు తెలియక చేసే తప్పుల్లో ఎక్కువ భాగం, మోసగాడు తెలిసి చేసే పనులు. నాకు తెలియదండీ అనే మాట నిజమే కావచ్చు, కానీ మోసగాడూ అదే మాట అంటాడు.

తీర్పు కాల్ అనే చెప్పాను. నష్టం అక్కడితో ఆగలేదు. రైజ్ అన్న మాట అందరూ విన్నారు కాబట్టి ఆయన దగ్గర పెద్ద చెయ్యి ఉందని తెలిసిపోయింది. కట్టాల్సింది మాత్రం వెయ్యే. బటన్ (పంచే వంతు గుర్తు) మీద ఉన్నవాడు వచ్చాడు, బిగ్ బ్లైండ్ (పెద్ద బ్లైండ్ వేసినవాడు) కూడా వచ్చాడు. రెండు ఆసులు ఏదో ఒక చేతి మీద వందకు 85 సార్లు గెలుస్తాయి. ముగ్గురి మీద అది 64కు అటూ ఇటూగా పడిపోతుంది. బిగ్ బ్లైండ్‌కు రెండు జతలు కుదిరాయి. ఐదో సీటు నుంచి మరో ఏడు వేలు వెళ్లిపోయాయి.

ఒక్క మాట చిప్పుకంటే ముందు చెప్పి ఉంటే ఇదంతా జరిగేది కాదు. "రైజ్, మూడు వేల ఐదు వందలు" అని చెప్పి, ఆ తరువాత ఏ చిప్పు వేసినా ఎవరూ కాదనరు.

మూడో పిలుపు: "అయ్యో, ఆసు పారేశానే!"

ఇది కాస్త వివరంగా రాయాలి.

బ్లైండ్లు 300–600, బిగ్ బ్లైండ్ వేసే యాంటి (కుప్పలోకి ముందే వేసే అదనపు చిప్పులు) మరో 600. ఎనిమిదో సీటులో ఇంకో తెలుగాయన ఉన్నారు. ఉదయం పరిచయమైంది, ఒకరినొకరు అన్నయ్యా, తమ్ముడూ అనుకునేదాకా వచ్చారు. ఈ చేతిలో ఐదో సీటు ఆయన ఆసు–ఐదు చూసుకుని మొదట్లోనే వదిలేశారు. చివరికి రెండో సీటు, ఎనిమిదో సీటు మిగిలారు. రెండో సీటు ఢిల్లీ కుర్రవాడు, ఆట బాగా తెలిసినవాడు. రివర్ మీద ఆసు పడింది. కుర్రవాడు పెద్ద పందెం వేశాడు. ఎనిమిదో సీటు చేతిలో రెండు రాజులు. ఆయన ఆలోచనలో పడ్డారు.

బల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో ఐదో సీటు ఆయన తొడ మీద చరుచుకుని, "అయ్యో, ఆసు పారేశానే!" అన్నారు.

తెలుగులో అన్నారు, పైకే అన్నారు. ఎనిమిదో సీటు ఒకసారి అటు చూసి, మరో పది సెకన్లు ఆగి, కాల్ అన్నారు. ఢిల్లీ కుర్రవాడు ఏమీ లేని చెయ్యి చూపించి, లేచి, నన్ను పిలిచాడు.

లెక్క చూడండి. రివర్ మీద ఒక ఆసు ఉంది, కాబట్టి ఎదుటివాడి చేతిలో ఉండగలిగినవి మూడు. ఆ మూడింటిలో ఒకటి ఇప్పుడే చచ్చిందని తెలిస్తే మిగిలేవి రెండే. ఉదాహరణకు ఆసు–రాణి జత పన్నెండు రకాలుగా ఉండగలిగేది కాస్తా ఎనిమిది రకాలకు పడిపోతుంది. మూడో వంతు భయం తీరినట్టే. ఆలోచిస్తున్న మనిషికి ఆ ఒక్క మాట పందెం గెలిపించేంత సమాచారం.

డీలరుది గోవానే, ఆమెకు తెలుగు రాదు. బల్ల మీద ఇంకెవరికీ రాదు. ఏమన్నాడని అందరూ నా వైపు చూశారు. నాకు తెలుగు వస్తుందని ఉదయం నుంచీ ఆయనకు తెలుసు, అందుకే కాస్త ధైర్యంగా నా ముఖం చూశారు. నేను ఆ మాటను ఉన్నది ఉన్నట్టు ఇంగ్లిషులో చెప్పాను.

కాల్ రద్దు చేయలేదు. చిప్పులు లోపలికి వచ్చాయి, ముక్కలు తిరిగాయి, వెనక్కి తిప్పే దారి లేదు. ఎనిమిదో సీటును అడిగితే ఎలాగైనా కాల్ చేసేవాణ్నేనన్నారు. కావచ్చు. అది తేల్చడానికి నా దగ్గర సాధనం లేదు. ఐదో సీటుకు ఒక రౌండు శిక్ష వేశాను: తొమ్మిది చేతులపాటు బల్లకు దూరంగా నిలబడాలి, ఆయన వంతు ముక్కలను డీలరు పంచుతారు, తీసేస్తారు, బ్లైండ్లూ యాంటీ కలిపి 1,500 ఆయన కుప్ప నుంచి వెళ్లిపోతాయి. అప్పటికి ఆయన దగ్గర పన్నెండు వేలే ఉన్నాయి. తక్కువ శిక్ష అని ఢిల్లీ కుర్రవాడు, ఎక్కువ శిక్ష అని ఐదో సీటు. ఇప్పుడు మళ్లీ అదే జరిగినా అంతే వేస్తాను. కానీ ఉదయమే, ఇద్దరూ తెలుగులో కబుర్లాడుకుంటున్నప్పుడే, చెయ్యి నడుస్తుండగా ఇంగ్లిషో హిందీయో మాట్లాడాలనే గది నియమం నేను ఒకసారి చెప్పి ఉండాల్సింది. ముచ్చటగా ఉందని ఊరుకున్నాను. ఆ తప్పు నాది.

భోజన విరామంలో ఆయన నా దగ్గరికి వచ్చారు.

"ఏమండీ, మన తెలుగువారే ఇలా చేస్తే ఎలాగండీ? నేను నా ఖర్మ గురించి అనుకున్నాను. ఆయనకు చెప్పలేదు."

"ఆ సంగతి నాకు తెలుసండీ. ఢిల్లీ అబ్బాయికి ఎలా తెలుస్తుంది?"

ఆయన కాసేపు అన్నం కలుపుతూ కూర్చున్నారు. తరువాత అడిగిన ప్రశ్న నాకు నచ్చింది: "అయితే నేను ఇంకేమేం తప్పులు చేస్తున్నానో చెప్పండి. పిలవనివి కూడా."

పిలవనివి చాలా ఉన్నాయి. పెద్ద చిప్పులు చిన్నవాటి వెనక పెట్టుకున్నారు, ఎదుటివారికి ఆయన దగ్గర ఎంత ఉందో కనిపించలేదు. పెద్దవి ముందు వరుసలో ఉండాలి. ఇరవయ్యేసి చొప్పున పేర్చితే ఎవరూ అడగనక్కర్లేదు. ఒకసారి కాల్ చేసేటప్పుడు చిప్పులను నేరుగా మధ్య కుప్పలోకి విసిరారు, డీలరు లెక్కపెట్టడానికి అవస్థపడింది. ఒక మంచి చెయ్యి గెలిచాక డీలరుకు 500 చిప్పు బహుమతిగా ఇవ్వబోయారు. ఆయనది మంచి మనసే, కానీ టోర్నమెంటు చిప్పుకు బయట పైసా విలువ లేదు, అది బల్ల దాటకూడదు. ఆమె నవ్వి వెనక్కి తోసింది. ముక్కలు అనుకున్నట్టు రానప్పుడు అదే డీలరు మీద విసుక్కున్నారు కూడా. తొమ్మిదేళ్లలో నా చేతి నుంచి ఎన్ని ఆసులు వెళ్లాయో, ఎన్ని తిట్లు వచ్చాయో లెక్కలేదు. డీలరుకు ముక్కల మీద అధికారం ఉంటే ఆ ఉద్యోగంలో ఉండేవాణ్నా?

అన్నిటికంటే పెద్దది ముక్కలు పట్టుకునే తీరు. రమ్మీలో పదమూడు ముక్కలను విసనకర్రలా విప్పి గుండెకు ఆనించుకుంటాం. ఆయన రెండు ముక్కలనూ అలాగే ఎత్తారు. పక్క సీటు వాడికి రోజంతా ఉచిత సినిమా. ముక్కలు బల్ల మీదే ఉండాలి. రెండు అరచేతులూ గోడలా అడ్డం పెట్టి, బొటనవేలితో మూల మాత్రం ఎత్తి, ఒకసారి చూసి దించెయ్యాలి. దించాక పైన ఏదో ఒక బరువు పెట్టాలి, లేకపోతే డీలరు పొరపాటున వదిలేసిన ముక్కలనుకుని లాగేసుకుంటే అడగడానికి ఉండదు.

ఆ రోజు విరామం తరువాత రెండు లెవెళ్లలో (బ్లైండ్లు పెరిగే దశల్లో) ఆయన ఆట అయిపోయింది.

నాలుగు ఆదివారాలు

నేను ఉద్యోగం మానేశాక ఆయన ఫోను చేశారు. వాళ్ల గోదాములోనే, మిర్చి బస్తాల మధ్య ఒక బల్ల వేసి, నలుగురు స్నేహితులను కూర్చోబెట్టి సాధన చేయించాను. రూపాయి లేకుండా. డబ్బు పందెంతో పోకర్ ఆడటాన్ని తెలుగు రాష్ట్రాల చట్టాలు ఒప్పవు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో ఫోనులో డబ్బు పెట్టి ఆడే దారీ మూసుకుపోయింది.

ఫోను ఆట గురించి ఒక మాట. అందులో మర్యాద తప్పడం ఎవరికీ సాధ్యం కాదు. మన వంతు వస్తేనే బొత్తాం వెలుగుతుంది. పందెం అంకె తప్పు పడదు. ముక్కలు పక్కవాడికి కనిపించవు, గెలిచిన చెయ్యిని పొరపాటున పారేయలేం. తప్పు చేసే వీలే లేనిచోట రెండేళ్లు గడిపిన మనిషి తనకు నియమాలు వచ్చనే అనుకుంటాడు. ఐదో సీటుకు ఇద్దరు గురువులు, సంక్రాంతి దుప్పటీ, ఫోను తెరా. ఒకటి బల్లకు పనికిరాని అలవాట్లు నేర్పింది, ఇంకొకటి ఏ అలవాటూ నేర్పలేదు.

మొదటి ఆదివారమంతా ఒకే పని: నోరు ముందు, చెయ్యి తరువాత. ముక్కలు లేవు, పంచడం లేదు. నేను అంకె చెబుతాను, ఆయన రైజ్ అని మొత్తం చెప్పి, చిప్పులన్నీ ఒకేసారి, ఒకే కదలికలో ముందుకు తోయాలి. రెండో విడత కోసం చెయ్యి వెనక్కి వెళ్లకూడదు. వెళితే ముందు తోసినదే లెక్క. "మీ వెయ్యి కట్టి, ఆ పైన ఇంకో రెండు వేలు" అనే అలవాటు పోవడానికి మూడు గంటలు పట్టింది. ఆ వాక్యంలో మొదట వచ్చినది కట్టడం కాబట్టి కాల్‌తోనే ఆగిపోతుంది.

రెండో వారం వంతు. తన కుడి పక్కవాడి దాకా ఎవరెవరు ఏం చేశారో చూశాకే కదలాలి. వదిలెయ్యాలని ముందే అనుకున్నా సరే, వంతు రాకముందు ముక్కలు తోసేస్తే ముందున్నవాడికి ఒక మనిషి తగ్గాడని ముందే తెలుస్తుంది. మూడో వారం చేతి చివర: ఎవరైనా ఆల్ ఇన్ అయ్యి (ఉన్న చిప్పులన్నీ పెట్టేసి) పందేలు ముగిస్తే ఇద్దరూ వెంటనే ముక్కలు తిప్పెయ్యాలి. గెలిచే చెయ్యి పెట్టుకుని ఒక్కో ముక్కే నెమ్మదిగా తిప్పి ఎదుటివాడిని ఊరించడం నియమం ప్రకారం ఎంత తప్పన్నది వేరే మాట, మనుషులు మాత్రం ఏడాది తరువాత కూడా గుర్తుపెట్టుకుంటారు. డీలరు కుప్పను తన వైపు తోసేదాకా ముక్కల మీంచి చెయ్యి తీయకూడదని ఆయనకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది. మూడు ఏడులు ఆ పాఠం ఎప్పుడో చెప్పాయి.

ముక్కల మీద బరువుగా ఆయన చింతపిక్క తెచ్చారు, ఇంట్లో అచ్చొచ్చినదట. చింతపిక్క ఫ్యాను గాలికే దొర్లిపోయింది. పది రూపాయల బిళ్ల పెట్టుకోమన్నాను. అయిష్టంగా ఒప్పుకుని, పిక్కను జేబులో వేసుకున్నారు.

నాలుగో వారం నోరు మూసుకోవడం. ముక్కలు వదిలేసినవాళ్లను నేను కావాలనే రెచ్చగొట్టేవాణ్ని: ఏం వదిలారు, ఉంటే గెలిచేవారు కదా, అని. ఈ సాధనలో ఆయన ఒక్కసారి కూడా నెగ్గలేదు. మూలుగో, నిట్టూర్పో, కనీసం తల ఊపడమో వచ్చేసేది. వదిలేసిన చేతి గురించి బాధపడకుండా ఉండటం పేకాడే మనిషికి నిజంగా కష్టం. చివరికి ఆయనే ఒక ఉపాయం కనిపెట్టారు: ముక్కలు వదలగానే చిప్పులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టేవారు, తల ఎత్తకుండా.

మళ్లీ పడవ మీద

రెండో టోర్నమెంటుకు నేనూ వెళ్లాను, బల్లల చుట్టూ ఉండే కమ్మీల అవతల ప్రేక్షకుడిగా. ఈసారి ఆయనకు ఏడో సీటు వచ్చింది. నేను ఐదో సీటు అనే అంటాను.

పొద్దున ఒకసారి వంతు తప్పారు: ముందున్నవాడిని చూసుకోకుండా కాల్ అనేశారు. ఎవరూ గమనించకముందే తనే చెయ్యెత్తి, "నా తప్పు, ఆయన వంతు" అని డీలరుకు చెప్పారు. ముందున్నవాడు వదిలేయడంతో కాల్ అలాగే నిలిచింది. ఫ్లోర్‌ను పిలవలేదు. రాత్రి తొమ్మిదికి బహుమతి స్థానాలకు ఇంకా ఇద్దరు పోవాలనగా ప్రతి బల్లా ఒక్కో చేతికి ఆగి, మిగతా బల్లల కోసం ఎదురుచూసే దశ వచ్చింది. ఆయన దగ్గర చిప్పులు తక్కువే. ఇద్దరిలో ఒకరు ఆయనే అవుతారని నాకు అనిపించింది, చివరికి అలాగే అయ్యింది.

అంతకు కాస్త ముందు ఖాళీ అయిన పక్క సీటులోకి వేరే బల్ల నుంచి ఒక కొత్తాయన వచ్చి కూర్చున్నారు. చిప్పులు సర్దుకుంటూనే ఆయన ఫోనులో తెలుగు మాట్లాడటం ఐదో సీటు విన్నారు, ముఖం వెలిగింది. చెయ్యి మొదలైంది. ఇద్దరూ వదిలేశారు. ఇంకా ముగ్గురు ఆటలో ఉండగా కొత్తాయన పక్కకు వంగి, "ఆ జాకీ పడుతుందనుకుంటే నేను వదిలేవాణ్ని కాదండీ..." అని మొదలుపెట్టారు. ఐదో సీటు ఆయన పెదవుల మీద వేలు పెట్టి, కళ్లతో డీలరును చూపించి, తల దించుకుని చిప్పులు లెక్కపెట్టుకోసాగారు. కొత్తాయన కాస్త నొచ్చుకున్నట్టు వెనక్కి జరిగారు.

ఆ చెయ్యి అయిపోయింది. డీలరు కుప్పను గెలిచినవాడి వైపు తోసి, పేక కలపడం మొదలుపెట్టింది. అప్పుడు ఐదో సీటు ఆయన పక్కకు తిరిగి, "ఏ ఊరండీ మీది?" అన్నారు.